ఆడపిల్లలు 1500 మీటర్లు పరిగెత్తకూడదని ఎవరన్నారు? ఒలింపిక్స్ చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

గట్టు మాస్టారు
ఆగస్టు 17, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక లంక గ్రామం హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకరున్నారు. పొద్దున్నే పాలకేంద్రంలో పాలు పోసేసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఏటిగట్టు మీద బడికి పరిగెత్తుకుంటూ వస్తుంది. కిందటి నెలలో గట్టు మీద 1500 మీటర్లు పెట్టి చూశాను. పదో తరగతి మగపిల్లల్లో ఇద్దరే ఆ అమ్మాయికంటే ముందొచ్చారు.

అండర్-17లో 1500కి పేరు ఇద్దామంటే వాళ్ల నాన్న సరేనన్నారు, నాయనమ్మ ఒప్పుకోలేదు. "వంద, రెండొందలంటే ఆట. అంత దూరమైతే ఆడపిల్ల గుండె తట్టుకోదు. రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరు" అంటున్నారు. ఆవిడని ఏమీ అనలేను. మా స్టాఫ్ రూములోనే ఒక మాస్టారు, "ఒలింపిక్స్‌లో కూడా ఆడవాళ్లకి దూరం పరుగులు చాలాకాలం పెట్టలేదు, ఏదో కారణం ఉండే ఉంటుంది కదా" అన్నారు.

ఆ కారణం ఏమిటో నాకు సరిగ్గా తెలియాలి. ఈ నెల 29న జాతీయ క్రీడా దినోత్సవానికి తల్లిదండ్రుల్ని కూడా పిలుస్తున్నాం. అరగంట మాట్లాడాలి. గ్రీకుల కాలం నుంచి ఈ పోటీల్లోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు, ఎందుకు? నిజంగా జరిగినవే చెప్పండి.

రాజోలు రన్నర్
ఆగస్టు 17, రాత్రి 9:15

మాస్టారూ, ముందు ఆ పేరు ఇచ్చేయండి. నాయనమ్మ గారికి తర్వాత నచ్చజెప్పొచ్చు. మారథాన్ పుట్టిందే ఒక సైనికుడు యుద్ధ వార్త చెప్పడానికి ఏథెన్స్ దాకా పరిగెత్తి ప్రాణం వదిలాడని కదా. ఆ కథతో మొదలుపెడితే అందరూ వింటారు.

పాత చరిత్ర
ఆగస్టు 18, ఉదయం 6:05

రన్నర్ తమ్ముడూ, ఆ కథతో మాత్రం మొదలుపెట్టొద్దు. దూరం పరిగెడితే ప్రాణం పోతుందన్న భయాన్ని మనమే పెంచినట్టవుతుంది. పైగా ఆ యుద్ధానికి దగ్గరి కాలంవాడైన హెరొడోటస్ ఆ మాట రాయలేదు. ఆయన రాసింది ఫిడిపిడీస్ అనే వార్తాహరుడు సాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టా వెళ్లాడని. అది 240 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కబురు చెప్పాడు, తిరిగొచ్చాడు. ప్రాణం వదిలిన కథ కొన్ని వందల ఏళ్ల తర్వాత రాతల్లోకి వచ్చింది.

రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను మాస్టారూ. మీరడిగింది నాకు ఇష్టమైన విషయం, కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఒలింపిక్స్‌కి లెక్క మొదలయ్యేది క్రీ.పూ. 776 నుంచి. ఒకటే పందెం, ఒకటే పరుగు. దాని పేరు స్టేడియన్. మన స్టేడియం అనే మాట అదే. ఒలింపియాలో దాని పొడవు దాదాపు 192 మీటర్లు. గెలిచినవాడు కొరోయిబోస్, దగ్గర్లోని ఎలిస్‌కి చెందిన వంటవాడు. రాజు కాదు, సేనాపతి కాదు, వంటవాడు! తర్వాత రెండింతల దూరం, ఇంకా పెద్ద దూరం, కుస్తీ, రథాలు ఒక్కొక్కటీ చేరాయి. సిసిలీ నుంచి నల్ల సముద్రం దాకా ఎక్కడెక్కడి గ్రీకు ఊళ్లవాళ్లో వచ్చేవారు. ఆ రోజుల్లో ఒక్కో ఊరు ఒక్కో దేశం కింద లెక్క, కాబట్టి అంతర్జాతీయ పోటీ అనడంలో తప్పులేదు. అయితే బానిసలకి, గ్రీకులు కానివారికి ప్రవేశం లేదు.

ఆటల కోసం యుద్ధాలు ఆపేసేవారని అందరూ చెబుతారు. అంత కాదు. ఒలింపియాకి వచ్చేపోయేవాళ్ల జోలికి ఎవరూ పోకూడదని ఒప్పందం, అంతే. యుద్ధాలు వాటి దారిన అవి సాగేవి. క్రీ.పూ. 364లో అయితే ఆటలు జరుగుతుండగా ఆ పుణ్యక్షేత్రంలోనే కొట్టుకున్నారు.

ఇక ఆడవాళ్ల సంగతి. పెళ్లయిన స్త్రీ ఒలింపియా ఆటలు చూడటానికి కూడా వీల్లేదు. పట్టుబడితే టైపయాన్ అనే కొండమీంచి తోసెయ్యాలని చట్టం. క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు అక్కడంతా తిరిగి రాసిపెట్టాడు. ఆయన చెప్పిన ఒక తల్లి కథ మీ సభలో చెప్పండి. ఆవిడ పేరు కల్లిపతేరా. భర్త పోయాడు. కొడుకుని తనే తయారుచేసి, మగవేషంలో శిక్షకుడిలా తీసుకొచ్చింది. కొడుకు గెలిచాడు. ఆ సంతోషంలో కంచె దూకుతుంటే బట్ట తొలగి దొరికిపోయింది. తండ్రి, అన్నదమ్ములు, కొడుకు అందరూ విజేతలే కాబట్టి శిక్ష వెయ్యకుండా వదిలేశారు. కానీ ఆ రోజు నుంచి శిక్షకులు కూడా ఆటగాళ్లలాగే బట్టల్లేకుండా రావాలని కొత్త నియమం పెట్టారు.

మీకు అన్నిటికంటే పనికొచ్చేది హెరాయా. హేరా దేవత పేరిట అదే ఒలింపియాలో, అదే మైదానంలో, పెళ్లికాని అమ్మాయిలకి పరుగు పందేలు జరిగేవని పౌసానియస్ రాశాడు. జుట్టు విరబోసుకుని, మోకాలి పైదాకా ఉండే అంగీ తొడుక్కుని పరిగెత్తేవారట. గెలిచినవాళ్లకి మగవాళ్లకి ఇచ్చే ఆలివ్ కొమ్మ కిరీటమే. తేడా ఒక్కటే, దూరంలో ఆరోవంతు కోసేశారు. ఎందుకు కోశారో ఆయన చెప్పలేదు.

లేసు పార్కు
ఆగస్టు 18, ఉదయం 10:30

పెళ్లికాని పిల్లలు పరిగెత్తొచ్చు, తల్లి మాత్రం చూడటానికి కూడా రాకూడదు. ఇది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయానండి.

పాత సర్వేయర్
ఆగస్టు 18, మధ్యాహ్నం 1:20

పెద్దాయన 192 మీటర్లు అన్నారు కాబట్టి కొలత గురించి రెండు ముక్కలు. స్టేడియన్ అంటే 600 అడుగులు, కానీ ఎవరి అడుగు? ఊరికో అడుగు ఉండేది. డెల్ఫీలో మైదానం ఒలింపియాదానికంటే పొట్టి. సెకన్లు కొలిచే గడియారాలూ లేవు. అందుకే ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారో గ్రీకులు రాయలేదు, ఎవరు గెలిచారో మాత్రమే రాశారు. రోడ్స్ దీవికి చెందిన లియోనిదాస్ నాలుగు ఒలింపిక్స్‌లో 12 పందేలు గెలిచాడని ఉంటుంది, ఎన్ని సెకన్లో ఉండదు. రికార్డు అనే మాటకి అర్థం రావాలంటే అన్నిచోట్లా ఒకే కొలత ఉండాలి. 1912లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య పెట్టినప్పుడు ప్రపంచ రికార్డుల్ని ఒకచోట నమోదు చెయ్యడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి.

మన డెల్టాలో ఇప్పటికీ భూమి సెంట్లలో చెప్పుకుంటాం కదండి. దాని వెనకున్నది 66 అడుగుల గొలుసు. గొలుసుకి 100 లింకులు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. పాత ఇంగ్లీషు పరుగు పందేలూ ఆ లెక్కలోనివే. 440 గజాలంటే సరిగ్గా 20 గొలుసులు. 1958లో కార్డిఫ్‌లో మిల్కా సింగ్ బంగారు పతకం గెలిచింది ఆ దూరంలోనే.

మాస్టారూ, గట్టు మీద 1500 దేంతో కొలిచారు?

గట్టు మాస్టారు
ఆగస్టు 18, సాయంత్రం 5:50

బైకు మీటరుతో అండి.

పాత సర్వేయర్
ఆగస్టు 18, సాయంత్రం 6:10

బైకు మీటరు నమ్మొద్దు. టైరు అరిగిన దాన్నిబట్టి, గాలినిబట్టి మారిపోతుంది. ఆ అమ్మాయి టైము మీద ఆశ పెట్టుకునే ముందు దూరం సరిచూడాలి. ఈ వానలు తగ్గాక నేనొస్తాను.

యానాం గోదారి
ఆగస్టు 18, రాత్రి 9:45

మాది యానాం. మా తాతగారి కాలంలో ఇక్కడ ఫ్రెంచి చదువు. అసలు ఈ గొడవకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఫ్రెంచివాళ్లే కాబట్టి నేను చెప్పాలి.

ఒకరు కూబెర్తాన్. 4వ శతాబ్దం చివర్లో ఆగిపోయిన ఒలింపిక్స్‌ని మళ్లీ లేపిన మనిషి. 1894లో పారిస్‌లో కమిటీ పెట్టారు, 1896లో ఏథెన్స్‌లో ఆటలు జరిగాయి. 14 దేశాలు, 241 మంది, అందరూ మగవాళ్లే. స్టమాటా రెవిథి అనే పేదరాలు, చంటిబిడ్డ తల్లి, మారథాన్‌కి వస్తానంటే రానివ్వలేదు. మగవాళ్ల పందెం అయిన మర్నాడు ఆవిడ అదే దారిలో ఒంటరిగా పరిగెత్తింది. 1900 పారిస్‌లో ఆడవాళ్లు టెన్నిస్, గోల్ఫ్‌లాంటి వాటిలోకి వచ్చారు గానీ పరుగు, దూకుడు, విసురుడు మాత్రం వాళ్లకి లేవు. కూబెర్తాన్ చేసిన మేలు పెద్దది, నాకు గౌరవం ఉంది. కానీ ఆడవాళ్ల పోటీలు చూడటానికి బాగుండవనీ, తగని పననీ ఆయన రాశారు. ఆ మాట మార్చుకోలేదు.

రెండోవారు ఆలిస్ మిలియా. పడవ నడపడంలో దిట్ట. 1919లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి అథ్లెటిక్స్ పెట్టమని అడిగారు, ఒప్పుకోలేదు. అయితే మా ఆటలు మేమే పెట్టుకుంటామని 1921లో మహిళల అంతర్జాతీయ సమాఖ్య పెట్టారు. 1922 ఆగస్టులో పారిస్‌లో ఒక్కరోజు పోటీలు. పేరు మహిళా ఒలింపిక్స్ అని పెట్టేశారు. మాస్టారూ, ఇది రాసిపెట్టుకోండి. ఆ రోజు అమ్మాయిలు 1000 మీటర్లు పరిగెత్తారు. వందేళ్లు దాటింది.

ఆ పేరు మా సొత్తని ఒలింపిక్ కమిటీ అభ్యంతరం పెట్టింది. పేరు వదులుకుంటే మీకు కొన్ని పందేలు ఇస్తామన్నారు. అలా 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్లకి మొదటిసారి అథ్లెటిక్స్‌లో అయిదు అంశాలు వచ్చాయి. వాటిలో 800 మీటర్లు ఒకటి. మీ స్టాఫ్ రూము మాస్టారు చెప్పిన "కారణం" పుట్టింది అక్కడే.

గట్టు మాస్టారు
ఆగస్టు 18, రాత్రి 10:20

అదే కావాలండి. ఆ పందెంలో ఏం జరిగింది?

యానాం గోదారి
ఆగస్టు 19, ఉదయం 7:00

ఫైనల్లో తొమ్మిది మంది. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. జపాన్ అమ్మాయి కినుయె హితోమి రెండో స్థానం. 100 మీటర్లలో ఫైనల్ చేరలేకపోయి, ఆ బాధతో 800లో దిగి పతకం తెచ్చింది. జపాన్ మహిళకి అది మొదటి ఒలింపిక్ పతకం.

గీత దాటాక కొందరు ఆయాసంతో గడ్డి మీద పడుకున్నారు. మర్నాటి పత్రికలు దాన్ని పట్టుకున్నాయి. పదకొండు మంది దిగితే అయిదుగురు మధ్యలోనే ఆగిపోయారని కూడా అచ్చయింది. నిజానికి దిగింది తొమ్మిది మంది, తొమ్మిది మందీ గీత దాటారు. ఆ రాతల్ని చూపించి, ఆడవాళ్ల ఒంటికి ఈ దూరం పడదని 800 తీసేశారు. మళ్లీ పెట్టింది 1960 రోమ్‌లో. 32 ఏళ్లు!

లంక రైతు
ఆగస్టు 19, ఉదయం 11:40

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నాకూ ఇద్దరు కూతుళ్లు. కింద పడిపోయారంటే ఎవరికైనా భయం వేస్తుంది కదా. జాగ్రత్త కోసమే తీసేశారేమో.

పాత చరిత్ర
ఆగస్టు 19, మధ్యాహ్నం 12:30

న్యాయమైన ప్రశ్న అండి. దానికి 1908 లండన్ చూడండి. మారథాన్‌ని రాజప్రాసాదం దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. ఇప్పటికీ నడుస్తున్న 42.195 కిలోమీటర్లు ఆ రోజు దూరమే. ఇటలీవాడు దోరాందో పియెత్రి ముందుగా స్టేడియంలోకి వచ్చి, దారి తప్పి, మళ్లీ మళ్లీ పడిపోయాడు. అధికారులు లేపి గీత దాటించారు. సాయం తీసుకున్నాడని పతకం పోయింది, కానీ మర్నాడు రాణి స్వయంగా కప్పు బహూకరించింది. పడిపోయిన మగవాడు వీరుడయ్యాడు. మగవాళ్ల మారథాన్ తీసెయ్యాలని కమిటీ అనుకోలేదు. ఆడవాళ్లు గడ్డి మీద పడుకుంటే పందెమే తీసేశారు. జాగ్రత్త అయితే ఇద్దరికీ ఒకటే ఉండాలి కదా.

లంక రైతు
ఆగస్టు 19, మధ్యాహ్నం 12:55

ఒప్పుకున్నానండి.

పీహెచ్‌సీ డాక్టరమ్మ
ఆగస్టు 19, రాత్రి 8:10

వైద్యం వైపు నుంచి. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి 1500 మీటర్ల వల్ల గుండె పాడవదు, గర్భసంచికి ఏమీ కాదు, పిల్లలు పుట్టకపోవడం ఉండదు. నాయనమ్మ గారికి ఫ్యానీ బ్లాంకర్స్-కోయెన్ గురించి చెప్పండి. 1948 లండన్‌లో నాలుగు బంగారు పతకాలు. అప్పటికి 30 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో పిల్లల్ని చూసుకోకుండా ఈ పరుగులేమిటని పత్రికలు విమర్శించాయి.

నేను భయపడేది వేరే దానికి. మన పల్లెల్లో ఆడపిల్లలకి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ 12కి తగ్గితే ఆయాసం వస్తుంది, అప్పుడు అందరూ పరుగునే తప్పుపడతారు. మాస్టారూ, పోటీకి ముందు ఒకసారి పరీక్ష చేయించండి. బళ్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతోందో లేదో మీరే చూడండి, చాలామంది పారేస్తారు. నెలసరి తేదీలు క్రమంగా ఉన్నాయా అని లేడీ టీచర్‌తో అడిగించండి. తిండి చాలకుండా పరిగెడితే ముందు అవే తప్పుతాయి. పొద్దున్న ఖాళీ కడుపుతో మాత్రం పరిగెత్తించొద్దు.

రాజోలు రన్నర్
ఆగస్టు 19, రాత్రి 9:30

ఆడవాళ్లనే కాదండి, పేదవాళ్లనీ అలాగే బయట పెట్టారు. ఆటకి డబ్బు తీసుకున్నవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడని నియమం. 1912 స్టాక్‌హోమ్‌లో జిమ్ థోర్ప్ రెండు బంగారు పతకాలు గెలిచాడు, అమెరికా ఆదివాసీ. అంతకుముందు బేస్‌బాల్ ఆడి కాస్త కూలి డబ్బులు తీసుకున్నాడని అవి లాగేసుకున్నారు. ఆయన పోయింది 1953లో. ఒక్కడే విజేత అని కమిటీ మళ్లీ రాసింది 2022లో. కూలి చేసుకునేవాడికి డబ్బు తీసుకోకుండా సాధన చేసే తీరిక ఎక్కడిది?

మనవాళ్ల సంగతి కూడా అంతే. 1920 ఆంట్వెర్ప్‌కి భారత జట్టు వెళ్లిందంటే దొరాబ్జీ టాటా చొరవతోనే. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగితే 11 దేశాలు వచ్చాయి. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం పిలిస్తే వచ్చాయి. నాకు ఒలింపిక్స్ కంటే అదే గొప్పగా అనిపిస్తుంది. మరుసటి ఏడాది హెల్సింకిలో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. ఒలింపిక్స్‌లో పరిగెత్తిన మొదటి భారతీయ మహిళలు వాళ్లే.

ఆ అమ్మాయి చెప్పుల్లేకుండా పరిగెడుతుందన్నారు కదా. 1960 రోమ్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా రాళ్లు పరిచిన వీధుల్లో వట్టికాళ్లతో మారథాన్ గెలిచాడు. ఆడవాళ్ల 800 మళ్లీ వచ్చిందీ ఆ ఒలింపిక్స్‌లోనే. అయినా సరే, ఆమెకి స్పైక్స్ నేను కొంటాను. సైజు చెప్పండి.

లేసు పార్కు
ఆగస్టు 20, మధ్యాహ్నం 3:15

నాది నర్సాపురం దగ్గర. ఇప్పటికీ లేసు కుడతాను. ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు.

1984లో నేను ఎనిమిదో తరగతి. కాలవ గట్టున కొబ్బరి మట్టలు మోసుకుంటూ పరిగెత్తిన కాళ్లు. బడి పోటీల్లో 800కి పేరిచ్చాను. పొద్దున్నే జడ బిగించుకుని, మా అమ్మ ఇచ్చిన చద్దన్నం తిని వెళ్లాను. గీత దగ్గర నిలబడ్డాక ఒక మాస్టారు వచ్చి "పెద్ద పందెం నీకెందుకమ్మా, మీ ఇంట్లోవాళ్లు రేపు నన్నడుగుతారు" అని పక్కకి తీసుకెళ్లి, లెమన్ అండ్ స్పూన్‌లో నిలబెట్టారు. నాకు ఆ పందెంలో గ్లాసు ఇచ్చారు. ఇంటికొచ్చి దాన్ని అటక మీద పెట్టాను.

ఆ ఏడాదే ఆగస్టులో లాస్ ఏంజెలెస్ నుంచి పి.టి. ఉష వార్త. 400 మీటర్ల హర్డిల్స్, 55.42 సెకన్లు. మూడో స్థానం వచ్చిన రుమేనియా అమ్మాయికి 55.41. వందో వంతు సెకను. ఊరంతా ఆ ముక్కే. టీకొట్టు దగ్గర పేపరు కోసం నిలబడ్డాను, ఆడపిల్లలు అక్కడ నిలబడేవారు కాదు. అప్పుడు నాకు తెలియనిది చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి చెప్పాడు. ఆడవాళ్లకి 400 హర్డిల్స్ ఒలింపిక్స్‌లో పెట్టడమే అదే మొదటిసారి. మారథాన్ కూడా ఆ ఏడాదే మొదటిసారి. 1500 అయితే 1972 మ్యూనిక్‌లో వచ్చింది, 10,000 మీటర్లు 1988లో. నన్ను గీత మీంచి తప్పించిన రోజుకి, ఎక్కడో పెద్దవాళ్లు కూడా ఇంకా ఒక్కొక్క పందెమే వదులుతున్నారన్నమాట.

మాస్టారూ, దయచేసి ఆ పిల్లని గీత దగ్గర నుంచి తప్పించకండి.

గట్టు మాస్టారు
ఆగస్టు 20, రాత్రి 7:30

తప్పించనమ్మా. ఇది మాట.

అమలాపురం అన్న
ఆగస్టు 21, ఉదయం 8:20

మా ఊరి సాత్విక్‌సాయిరాజ్ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారు పతకం తెచ్చిన అదే హాంగ్‌ఝౌలో, 2023లో, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పందెం కూడా సభలో చెప్పండి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క గీతలో ఉన్న చైనా అమ్మాయి తుపాకీ కంటే ముందే కదిలింది. దాంతోపాటు జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. నేను చేసింది కాదు, వీడియో చూడండని అక్కడే నిలబడి అడిగింది. మళ్లీ పరిగెత్తించారు. మూడో స్థానం వచ్చింది. తర్వాత చైనా అమ్మాయి మీద వేటు పడి జ్యోతికి రజతం ఇచ్చారు. సెక్యూరిటీ గార్డు కూతురు. మన పిల్లలకి పరుగుతోపాటు అలా నిలబడి అడగడం కూడా నేర్పాలి.

గట్టు మాస్టారు
ఆగస్టు 30, రాత్రి 9:00

ఆలస్యానికి క్షమించండి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశాక మా గ్రౌండు మునిగింది. సభ పై అంతస్తు వరండాలో పెట్టాం. వచ్చినవాళ్లు అరవై మంది ఉంటారు. నాయనమ్మ గారు వచ్చారు, ముందు వరసలో కూర్చున్నారు.

హెరాయా చెప్పాను, మిలియా చెప్పాను, 1928 తొమ్మిది మంది చెప్పాను. కల్లిపతేరా కథ దగ్గర ఆడవాళ్లందరూ ఒక్కసారి కొంగులు సర్దుకుని ముందుకు వంగారు. బ్లాంకర్స్-కోయెన్ గురించి చెప్పగానే నాయనమ్మ గారు లేచి అడిగారు: "మరి ఆవిడ పరిగెత్తడానికి వెళ్తే పిల్లల్ని ఎవరు చూశారు?" నాకు జవాబు తెలియదు, తెలియదనే చెప్పాను. "ఎవరో ఒకరు చూసుంటారులే. వాళ్ల నాయనమ్మ అయ్యుంటుంది" అని కూర్చున్నారు.

హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది డాక్టరమ్మా. మాత్రలు మొదలుపెట్టాం, రోజూ గుడ్డు, బెల్లం. స్పైక్స్ అందాయి రన్నర్ గారూ.

పాత సర్వేయర్
సెప్టెంబరు 7, సాయంత్రం 6:40

ఈ పొద్దు వెళ్లొచ్చాను. గట్టు ఆరింది, లంకలో మాత్రం ఇంకా బురద. 1500 మీటర్లంటే 74 గొలుసుల 56న్నర లింకులు. గొలుసు ఒక కొస నేను, రెండో కొస ఆ అమ్మాయి. మాస్టారు లెక్క రాశారు. నాయనమ్మ గారు కర్ర పట్టుకుని మొదటి గొలుసు నుంచి మాతోనే నడిచారు. ఎంత దూరమో తను చూడాలన్నారు.

మాస్టారు పాతిన గుర్తు సరైన చోటుకంటే మూడు గొలుసులు అవతల ఉంది. అంటే ఆ అమ్మాయి కిందటిసారి పరిగెత్తింది 1500 కాదు, 1560 మీటర్లు. కొత్త చోట రాయి పాతాం.

నాయనమ్మ గారు ఆ రాయి మీద కూర్చుని వెనక్కి చూసి, "ఇంతేనా? నేను పడుచుగా ఉన్నప్పుడు గడ్డిమోపుతో రోజూ దీనికి రెండింతలు వచ్చేదాన్ని" అన్నారు. ఆ అమ్మాయి పేరు డివిజన్ పోటీలకి రేపు పంపిస్తున్నారు.